మా అత్త మీది దేవుడు

నవ్వు అత్తా, నవ్వు. గోడ మీద ఫొటోల కూసోని, మెడల దండ ఏసుకోని, నొసట బొట్టు పెట్టిచ్చుకోని మంచిగ నవ్వు. నీకేంది, పోయినవ్. నీ దేవునితోని ఈడ సచ్చేది నేనైతిని.

ఇయ్యాల పొద్దుగాల్నే మల్ల వచ్చిండ్రు మంది. మోతె ఊరి దిక్కుకెల్లి ఒక ట్రాలీ ఆటో నిండ. కొబ్బరికాయలు, నిమ్మకాయలు, ఒక కోడి. “నాంచారమ్మ మీదికొచ్చిన లింగమంతుల సామి ఇగ కొడుకు మీదికొచ్చిండు, జర మమ్ముల మాట అడగనియ్యి ధనలక్ష్మీ” అంటరు. నీ కొడుకు ఎంకన్న మంచం మీద కూసున్నడు. భుజం ఎగరేస్తడు, మెడ తిప్పుతడు, మూతి వంకర పెడ్తడు. కావాలని చేస్తలేడు, దానంతట అదే అయితది. ఒకడు ముందటికి జరిగి “తెలంగాణ వస్తదా సామీ?” అని అడిగిండు. ఈయన తల అడ్డంగ ఊగింది, నిలువుగ ఊగింది. ఢిల్లీల చెప్పినట్టే చెప్పిండు. గంత దానికే వాని కండ్లల్ల నీళ్లు!

గది దేవుడు కాదు అత్తా. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?

ఏందట్ల సూస్తవ్? ఆఁ, తెలుసు. నువ్వున్నన్ని దినాలు నమ్మని కోడలు ఇప్పుడు నమ్ముతదా అనే కదా. నమ్మ. ఈసారి నా మాట గూడ కాదు, నెత్తురు పరీక్ష మాట.

నాలుగేండ్లు తిరిగినం. ముందుగాల నీ కొడుకు చేతిలకెల్లి గొర్ల కట్టె జారి పడుడు షురువాయె. తర్వాత నడక పోయింది. సూర్యాపేట డాక్టర్ ఆ నడక సూసి “ఎంత తాగుతవయ్యా?” అన్నడు. పాపం, పండుగ నాడు ఒక చుక్క ముట్టే మనిషి! కోదాడల బలానికి సూదులిచ్చిండ్రు. మిర్యాలగూడల నరాల డాక్టర్ సంచి నిండ గోలీలు రాసిండు. అందరు ఒక్క మాట మాత్రం అడిగిండ్రు. “మీ ఇంట్ల ఇంతకుముందు ఎవరికన్నా ఇట్ల ఉండెనా?”

“లేదు సారూ” అంటడు నీ కొడుకు, ఛాతి ఇరుసుకోని. “మా ఇంట్ల ఎవ్వరికి ఏ రోగం లేదు.”

అబద్ధమాడలే అత్తా ఆయన. ఆయన లెక్కల నీకున్నది రోగం కాదాయె. దేవుణ్ణి రోగమని డాక్టర్‌కు ఎవడు చెప్తడు?

నీ చిన్నకొడుకు లింగయ్యకు గూడ అదే నడక, అదే చేతులు ఇసురుడు. కాని వాడు మొగోడాయె, కల్లు దుకాణం తొవ్వల నడిచేటోడాయె. వాణ్ణి తాగుబోతన్నరు. నీ ముందట కొబ్బరికాయలు కొట్టిండ్రు, వాణ్ణి వీపు మీద కొట్టిండ్రు. బాయిల పడి సచ్చినంక గూడ తాగే పడ్డడన్నరు. నువ్వు గూడ అన్నవ్. అంత దేవుడు మీద ఉండంగ, వాడు తాగలేదని నీకు తెల్వదా?

సరే, ఊకుంట.

ఆఖరికి హైద్రాబాద్ పెద్ద దవాఖానకు పోయినం. ఆడ ఒక డాక్టరమ్మ. కాయితం మీద మన ఇంటోళ్లను గీసుడు పెట్టింది. మొగోళ్లకు డబ్బా, ఆడోళ్లకు సున్నా. ఆడ గూడ మనం సున్నానే! ఎవరు ఎట్ల పోయిండ్రని అడుగుతది. నీ కొడుకును మందల ఏ గొర్రె ఏ గొర్రెకు పుట్టిందో అడుగు, ఏడు తరాలు చెప్తడు. నీ నాయిన, అంటే ఆయన తాత, ఎట్ల పోయిండంటే “దేవుడు తీస్కపోయిండు.” మరి అమ్మ? “అమ్మకు రోగం లేదు మేడం, అమ్మ మీదికి దేవుడొస్తుండె.”

“ఎట్ల వస్తుండె?” అన్నది డాక్టరమ్మ.

ఇగ నేను ఊకుంటనా? లేసి నిలబడి నీ లెక్క చేసి సూపెట్టిన. కోపం జేయకు. బోరింగు కాడ ఆడోళ్ల ముందట ఎన్నిసార్లు చేసిన్నో, మంచిగనే వస్తది నాకు. భుజం ఎగరేసిన. చేతి వేళ్లు సన్నాయి వాయించినట్టు ఆడిచ్చిన. నాలిక బయట పెట్టి, నిలుపలేక లోపలికి గుంజుకున్న. ఎగిరెగిరి నాలుగడుగులు నడిచిన. నర్సు నోరు మూసుకోని నవ్వింది. నీ కొడుకు గూడ నవ్విండు.

డాక్టరమ్మ నవ్వలే. పెన్ను కింద పెట్టి “ఆ నాలికది మల్లొకసారి చూపియ్యమ్మా” అన్నది. మల్ల చేసి సూపెట్టిన అత్తా, ఈసారి నవ్వులాటకు కాదు.

నెత్తురు తీసిండ్రు. నెల దాటినంక పిలిచి చెప్పిండ్రు. హంటింగ్టన్ అంట. తాతల కాలం నుంచి కాపురం చేసేది మన ఇంట్ల, పేరు మాత్రం ఇంగ్లీషోనిది! నెత్తుట్ల జీన్లని ఉంటయట. అండ్ల ఒక దాంట్ల ఒక ముక్క ఉండాల్సిన దానికన్న ఎక్కువసార్లు, మల్ల మల్ల అదే రాసున్నదట. దానితోని మెదడు లోపల కొంచెం కొంచెం ఎండుకపోతదట. పోగొట్టే మందు లేదు, ఊగుడు తగ్గనీకి గోలీలున్నయి. తల్లికో తండ్రికో ఉంటే, పుట్టిన ఒక్కొక్క పిల్లకు వచ్చేది సగం, రాంది సగం.

నీ కొడుకు దిమాక్ ఇంక మంచిగనే పని చేస్తది, టక్కున అందుకున్నడు. “గొర్లల్ల మెడ వంకర పిల్లలు పుడితే మేము పొట్టేలును మారుస్తం మేడం” అన్నడు. అని తనే నవ్విండు. మల్ల బస్సుల సూర్యాపేట దాక కిటికీ దిక్కు మొకం పెట్టుకోని ఏడ్సిండు.

మాకున్నది ఒక్కడు, ప్రేమ్‌కుమార్. మేళ్లచెరువు కాడ సిమెంట్ లారీ నడుపుతడు. పోయిన ఏడు పెండ్లి చేసినం, కోడలు నీళ్లు పోసుకున్నది. “పరీక్ష చేయించుకునుడు, చేయించుకోకపోవుడు వాని ఇష్టం. కాని చెప్పకుండ దాచకు తల్లీ” అన్నది డాక్టరమ్మ.

మొన్న చెప్పిన. అన్నం పెట్టి, పక్కకు కూసోని అంత చెప్పిన. నాయినమ్మది, చిన్నాయినది, నాయినది ఒకటే రోగం బిడ్డా, నువ్వు గూడ ఒకపారి నా ఎంబడి దవాఖానకు రా, అన్న.

వాడు తింటున్నోడు ఆగి నా మొకం సూసిండు. “నాయినమ్మంటే నీకు ఎన్నడు పడలేదమ్మా. బతికున్నప్పుడు ఎక్కిరిస్తివి, సచ్చినంక రోగం అంటగడ్తున్నవ్” అన్నడు. చెయ్యి కడుక్కోని లేసిపోయిండు.

నిన్ను ఎక్కిరించింది అబద్ధమా? ఇన్నేండ్లు నవ్వులాటకు చెప్పింది అందరు నమ్మిండ్రు. నిజం చెప్పే దినం వచ్చేసరికి నా కడుపుల పుట్టినోడే నమ్మకపాయె.

ఇయ్యాల మంది పోయినంక వాడు స్నానం చేసి తడిబట్టల మీదనే వచ్చి నీ ముందట నిలబడ్డడు. నేను పొయ్యి కాడున్న, వాడు నన్ను సూడలే. కొబ్బరికాయ కొట్టి రెండు చేతులెత్తి మొక్కిండు. నువ్వు ఇన్నవ్ కదా? నేను గూడ ఇన్న.

“నాయిన గోస సూడలేకపోతున్న నాయినమ్మా. సామికి చెప్పు. నాయిన మీదికెల్లి దిగి నా మీదికి రమ్మను. వచ్చే లింగమంతుల గట్టు జాతరకు సామిని నేనే మోస్త” అన్నడు.

గా ముచ్చటకే వచ్చిన అత్తా నీ కాడికి. దేవుడు లేడు గీవుడు లేడు, అంత నెత్తుట్లనే ఉన్నదని నాకు తెలుసు. వానికి వచ్చేదే ఉంటే నా కడుపుల పడ్డనాడే వచ్చింది. ఇప్పుడు మొక్కితే వచ్చేది కాదు, మొక్కితే పోయేది కాదు. అంత తెలుసు.

తెలిసే నీ ముందట కొంగు పరుస్తున్న. నన్నేం చేస్తవో చెయ్యి. వాడు తెల్వక అడిగిండు. ఆ మాట నీ సామి దాక పోనియ్యకు అత్తా.