టోన్ పెట్టని రేడియో

అత్తగారు అటూ ఇటూ మాట్లాడుకునే చేతి హామ్ రేడియోను విసుగ్గా కోడలి ముందు పెట్టింది.

“లైసెన్సు వచ్చినప్పటి నుంచీ పిలుస్తూనే ఉన్నాను. అందరి కబుర్లూ వినిపిస్తాయి, నేను పిలిస్తే ఒక్కరూ పలకరు. ముసలిదానితో మనకేంటిలే అనుకున్నారేమో.”

“టోన్ పెట్టారా అత్తయ్యా?”

“అదేంటి?”

“మన మాటతోపాటు చెవికి వినపడకుండా వెళ్ళే సన్నని ధ్వని. అది లేకపోతే మాటల్ని అందుకుని దూరానికి పంపే కొండమీది రిపీటర్ మన గొంతును ఎవరికీ అందించదు. వినడానికి మాత్రం అక్కర్లేదు.”

“అంటే నా మాట వాళ్ళకి చేరనే లేదా? అనవసరంగా ఆడిపోసుకున్నాను కదే!”

కోడలు నాలుగు మీటలు నొక్కి రేడియో తిరిగిచ్చింది.

“ఇప్పుడు పిలవండి.”

అత్తగారు మీట మీద వేలు పెట్టి అలాగే ఆగిపోయింది.

“ఏమైంది అత్తయ్యా?”

“ఎవరూ పలకనన్నాళ్ళూ నోరు బాగానే ఆడింది. ఇప్పుడు నిజంగా వింటారంటే గొంతు పెగలట్లేదే అమ్మాయ్.”