లోపలే ఉండిపోయిన దెబ్బ

ఇదిగో బావా, ముందే చెప్తన్నా, నేను ఏడవటానికి రాలా. పూలు కూడా తేలా. తెస్తే మాత్రం ఈ ఉప్పుగాలికి నిలబడి చస్తాయా? అబ్బబ్బ, ఏం గడ్డయ్యా ఇది! నీ మీద సిలువ గుర్తు కనపడితే ఒట్టు. తమ్ముడు, తమ్ముడు అని ప్రాణం పెట్టుకున్నావుగా హనోకు మీద, ఒక్క పూట కొడవలి పట్టుకుని ఇటు రావటానికి తీరుబడి లేదు దొరగారికి.

ఏంటీ? నా సంగతా? నేనెందుకు రాలేదంటావా?

అడుగు. అడుగుతావని తెలిసే వచ్చా. నిన్ను ఇక్కడ పెట్టిన కాడ్నుంచీ ఈ సమాధుల దొడ్లో అడుగు పెట్టలేదు నేను. ఏడాది జ్ఞాపకార్థ కూడిక పెడితే సంఘమంతా ఇక్కడికొచ్చి పాటలు పాడి పోయారు. నేను ఇంటికాడ గుండిగల దగ్గర కూర్చున్నా. "పాపం రాజమ్మ తట్టుకోలేక రాలేదు" అన్నారు పాస్టరు గారు. తట్టుకోలేకా, నా మొహమా! కోపం. నీ మీద కోపం.

కోపం కూడా కాదులే. భయం. ఉండు, కాస్త కూర్చోనీ, మోకాళ్ళు పట్టేశాయి.

పందులు మళ్ళీ దిగినయ్యి బావా. మడ అడవిలోంచి కరకట్ట దాటి మందలు మందలుగా వస్తన్నాయి. కోతకొచ్చిన చేను! మొన్న తెల్లారి పోయి చూద్దును గదా, చేలో ఎవరో ట్రాక్టరు తిప్పినట్టుంది. తిన్నది గుప్పెడు, తొక్కింది గంపెడు. నేనేం ఊరుకున్నాననుకున్నావా? పాత చీరలు కట్టా గట్టు చుట్టూ. డబ్బాలు కొట్టించా. మంగలి కొట్లో జుట్టు మూట కట్టి తెచ్చి మరీ చల్లా, ఆ వాసనకి రావంటేను. లెక్కచేస్తే గదా! నువ్వు పోయావని వాటికి కూడా ఎవరో చెప్పినట్టున్నారు.

నిన్న పొద్దున హనోకు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "వదినా, అన్న తుపాకి ఇయ్యి" అన్నాడు.

అటక మీద దుప్పటి చుట్టి పెట్టా దాన్ని. ఒక్కర్ని ముట్టుకోనిస్తే ఒట్టు. ఎందుకంటే, నువ్వు కూరిన మందు అట్టాగే ఉంది గదయ్యా అందులో! నీ చేత్తో నువ్వు చేసిన ఆఖరి పని అదే. మూతిలోంచి కూరిన నాటు తుపాకి, మళ్ళా మూతిలోంచే కక్కాలి. ఎవడో పేల్చి పారేస్తే నీదంటూ ఇంకేం మిగులుద్ది నాకు? చొక్కా మిగులుద్దా? చొక్కాలన్నీ నీ తమ్ముడే కట్టుకుపోయాడు.

అదొక్కటే కాదులే. ఆ తుపాకి చూస్తే నాకు ఒకటే ప్రశ్న. ఎందుకు పేల్చలేదు బావా?

నిన్ను చూసింది హనోకే. తెల్లారాక, కరకట్ట దిగువన, ఆ సర్కారు తుమ్మ మొదట్లో. కూర్చున్నవాడివి కూర్చున్నట్టే ఉన్నావంట, ఒళ్ళో తుపాకి. కాలు బానలా వాచిపోయింది. రక్తపింజరి కాటు. ఫోనేమో ఇంట్లో పెట్టి పోతావు, మోగితే పందులు బెదురుతాయని. కేకలేశావో ఏమో, సముద్రపు గాలి ఎదురు కొడతంటే మనిషి కేక ఎంత దూరం వస్తది?

కానీ తుపాకి ఉందిగా చేతిలో! నీ తుపాకి మోగిందంటే పాలెం పాలెమంతా కత్తులూ గోతాలూ పట్టుకుని పరిగెత్తుకుని రావటం కొత్తా ఏమన్నా? పంది పడిందని, వాటాలు దక్కవేమోనని, అన్నం ముందు కూర్చున్నవాడు కూడా చెయ్యి కడుక్కోకుండా వస్తాడు. ఒక్క దెబ్బ. ఆకాశంలోకి ఒక్క దెబ్బ వేస్తే అందరూ నీ దగ్గరుండేవాళ్ళు. బండి మీద వేసుకుని అవనిగడ్డ ఆసుపత్రికి తీసుకుపోయేవాళ్ళు.

హనోకు అక్కడే గొట్టంలో గజం, అదే మందు కూరే ఇనప చువ్వ, దించి చూశాడంట. గజం అడుగుకి పోలేదు, జానెడు పైకే నిలబడింది. కూరిన దెబ్బ, మందూ గుండూ, లోపలే ఉందన్నమాట. "అన్న పేల్చలా" అన్నాడు. అంతే. ఊరికి అదే మాటైపోయింది.

ఎన్ని మాటలు విన్నాననుకున్నావ్? ఫారెస్టోళ్ళకి భయపడి పేల్చలేదని ఒకడు. మందు ఖర్చవుద్దని పేల్చలేదని ఒకడు. "దైవాధీనంగాడికి పందే పెళ్ళాం, దాని కోసం ప్రాణం బిగబట్టుకుని కూర్చున్నాడు" అని టీ కొట్టు దగ్గర నవ్వుకున్నారంట. నవ్వనీ. వాళ్ళ మాటలు నాకెందుకు?

నా మాట. నా మాటే నన్ను తినేసింది.

నీకు గుర్తుంది గదా. మర్చిపోయే మాటా అది? ఆ ముందు వారం పిల్లల తల్లి పంది ఎదురొచ్చిందని గురి తిప్పేసి గాలిలోకి పేల్చావు. జాలిగుండె మహారాజువి! పాలెమంతా కత్తులు నూరుకుని పరిగెత్తి, ఒట్టి గోతాలతో తిరిగొచ్చారు. నేనేమో మసాలా నూరుకుని కూర్చున్నా. ఆడోళ్ళందరూ నా రోలు చూసి నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. నువ్వు మళ్ళీ వేటకి పోతంటే గుమ్మంలో నిలబడి అన్నా: "పంది పడకుండా తుపాకి మోగిందో, ఈ గడప తొక్కొద్దు నువ్వు." నువ్వు నవ్వి, "సరేనే రాజీ, మోగదులే" అన్నావు. తలకి గుడ్డ చుట్టుకుని పోయావు.

మోగదులే అన్నావు. మోగలా.

నా పరువు కోసం ఆగావేమో అనుకున్నా బావా. కాలికి విషం ఎక్కుతా ఉంటే, వేలు మీట మీద పెట్టుకుని, రాజీ అరుస్తదిలే అనుకుని ఊరుకున్నావేమోనని. మొండోడివి గదా, చేసినా చేస్తావు! ఏడాది పైన ఇదే. చర్చిలో అందరూ కళ్ళు మూసుకుని ఏవేవో అడుగుతుంటారే, నేను ఒక్కటే అడిగేదాన్ని. ప్రభువా, నా మాట విని ఆగలేదని నాకు ఎట్టాగైనా తెలియజెయ్యి. ఇంకేం వద్దు.

పాస్టరు గారేమో దేవుని చిత్తం, ఒప్పుకో తల్లీ అంటారు. దేవుడి సంగతి ఆయన చూసుకుంటాడండీ, నా సంగతి చెప్పండి అందామనుకున్నా. బాగుండదని ఊరుకున్నా.

సరే, నిన్నటి సంగతి. చేను పోతే కౌలు మెడకి చుట్టుకుంటది గదా, ఇక తప్పక తుపాకి దించి ఇచ్చా. నీ బొడ్డుసంచి దానికే కట్టేసి ఉంది, ఆ రోజు హనోకు తెచ్చి కట్టినట్టే. హనోకు పెరట్లో కూర్చుని, పాత దెబ్బని నమ్మకూడదు, పీకేస్తానని గజం కొసన మర తగిలించి లోపల తిప్పటం మొదలుపెట్టాడు. పీచు వచ్చింది. గుండు వచ్చింది. ఆ తర్వాత మందు, పొడిపొడిగా రావాల్సింది, ముద్దగా వచ్చింది. తడిసిన పేడలాగా. వాడు వాసన చూసి, వేళ్ళతో నలిపాడు.

"మంచుకి చెమ్మ లాగేసింది వదినా. ఇదిప్పటిది కాదు, అడుగునంతా గడ్డ కట్టి తుప్పు పట్టింది" అన్నాడు. నాకు అర్థం కాలా. "అయితే ఏంట్రా?" అన్నా. "బిళ్ళలు ఇయ్యి, ఉన్నాయా సంచిలో?" అన్నాడు.

అవే బావా, దీపావళికి పిల్లలు పేల్చే బిళ్ళలు. సుత్తి కింద ఒక బిళ్ళ పెట్టి కొడితే ఆ నిప్పుకే గదా లోపలి మందు అంటుకునేది. నువ్వు పోయే రోజు నేనే ఇచ్చా నీకు నిండు డబ్బా, సీలు కూడా తియ్యలా. డబ్బా బరువు చూసి నిండుగానే ఉందిరా అన్నా. మూత తీశా.

అన్నీ కాలినవే.

నేల మీద పారేస్తే కాలిన కాగితం వాసన పందులు పసిగడతాయని, వాడిన బిళ్ళ ఎప్పుడూ డబ్బాలోనే పెట్టి మూత బిగిస్తావు గదా. అన్నీ మళ్ళీ పెట్టేశావు. ఆఖరికి ఆ వేళ కూడా పెట్టేశావు! ఎర్ర కాగితం, మధ్యలో నల్లటి మచ్చ. ఒకదాని కింద ఒకటి. అడుగు దాకా గోటితో గీకి చూశా, ఒక్కటంటే ఒక్కటి కొత్తది లేదు. హనోకు తుపాకి ఒళ్ళో పడేసి ఏడ్చాడు, చిన్నపిల్లాడిలాగా. "పిలిచాడు వదినా, అన్న పిలిచాడు. నేను గజం పెట్టి చూసి పేల్చలేదనేశా" అని.

పిలిచావు. బిళ్ళ మీద బిళ్ళ కొట్టి, చెమ్మ మందు అంటుకోకపోయినా, డబ్బా అయిపోయేదాకా పిలిచావు.

నా మాట లెక్కచెయ్యలా నువ్వు. పరువూ లేదు, పందీ లేదు, పెళ్ళాం నోరూ లేదు, బతుకుదామనే చూశావు. ఏడాది నేను మోకాళ్ళ మీద అడిగింది ఇదే గదా? అడిగిందే ఇచ్చాడు దేవుడు. కానీ ఇట్టాగా ఇచ్చేది? నేను ఇంటికాడ పొయ్యి ముందు కూర్చుని "ఇంకా మోగలేదేంటి, ఈ పూట కూడా ఒట్టి చేతులేనా" అని గొణుక్కుంటన్నానయ్యా అప్పుడు. బిళ్ళ చప్పుడు ఎంత దూరం వినపడుద్దిరా అని అడిగా హనోకుని. పక్కన కూర్చున్న మనిషికి తప్ప వినపడదంట.

నిన్న సందెవేళ మోగింది బావా. హనోకు ఎండలో ఆరబెట్టిన కొత్త మందు వేసుకుని పోయాడు. ఢామ్మని మోగింది. పిల్లాజెల్లా, ముసలీముతకా, పాలెం లేచింది. నేను కూడా లేచా. ఎట్టా లేచానో, ఎట్టా పరిగెత్తానో, ఈ మోకాళ్ళతో! కరకట్ట ఎక్కాక అందరూ కుడిపక్క చేలోకి దిగుతన్నారు. నేను ఎడంపక్కకి పోతన్నా. "వదినా, అటు కాదు, పంది ఇటుంది!" అని హనోకు అరుస్తన్నాడు. జనం ఆగి చూస్తన్నారు. ఏం చూస్తన్నార్రా అని నన్ను నేను చూసుకుంటే, చేతిలో కత్తి లేదు. గోతాం లేదు. మంచినీళ్ళ చెంబు ఉంది.

ఎప్పుడు ముంచానో తెలిస్తే ఒట్టు.

తుమ్మ చెట్టు దాకా పోయా. సగం నీళ్ళు దారిలోనే ఒలికిపోయినయ్యి. మిగిలినయ్యి నువ్వు కూర్చున్న చోట పోశా. నేల గుటుక్కున తాగేసింది. ఊళ్ళో ఇప్పుడు రాజమ్మకి మతి చలించిందనుకుంటన్నారు. అనుకోనీ.

నువ్వు పిలిస్తే వచ్చాను బావా. కాస్త ఆలస్యమైంది, అంతే.