ఎనిమిది గోవిందలు

ఏందప్పా హరీషూ, జీపును అంత ఎత్తు లేపినావు? ఎక్కల్లంటే నిచ్చెన కావల్ల మాదిరుండాదే! రా, ఈడ కూకో. ఆ, సూసినా, టైర్లు సూసినా, బాగుండాయి, ఏనుగు కాళ్ల మాదిరి. మిట్టలో గుంజడంల్యా అంట్యావా? యాడ గుంజుతాది నాయనా! చక్రం పెంచితివి, లోపల పల్లు మార్చకపోతివి. ఇరుసు నడుమ గుండు మాదిరుండే హౌసింగులో క్రౌనని పెద్ద పల్లచక్రం ఉంటాది, దాన్ని తిప్పే చిన్న పల్లచక్రం పినియను ఉంటాది. పినియనుకు పల్లు తగ్గితే లాగుడెక్కువ, పల్లు పెరిగితే పరుగెక్కువ. టైరు పెద్దదైతే లాగుడు పెంచల్ల, అంతే. నీది నాలుగు చక్రాలూ లాగే బండి, ముందరా ఎనకా ఒకటే లెక్క ఉండల్ల, లేకుంటే ఒగదాన్నొగటి పీక్కుంటాయి. సోడాలు కొట్టుకొనే ఈ తిమ్మప్పకు ఇదంతా యాడిదంట్యావా? చిన్నప్ప చెప్పిందప్పా. ఈ పుంగనూర్లో నా సోడా అంగడి పక్కనే చిన్నప్ప జీపుల రిపేరు షెడ్డు. నువ్వప్పటికి పుట్టిండవు.

ఆయప్పకు ఒక అలవాటుండె. ఏ పినియనైనా సరే, కిరసనాయిల్లో కడిగి, మొదటి పల్లుకు సుద్దముక్కతో గీత పెట్టి, ఒక్కో పల్లుకు ఒక గోవింద చెప్పి ఎంచేది. "గోవిందా, గోవిందా" అని. ఎనిమిది గోవిందలంటే లాగే బండి, తొమ్మిదంటే పరిగెత్తే బండి. నేను ఎగతాళి చేసేవాణ్ణి, "ఏం చిన్నప్పా, ఒకటీ రెండూ రాదా నీకు?" అని. "అంకెలు తప్పుతాయి తిమ్మప్పన్నా, సామి పేరు తప్పదు" అనేవాడు. సూడు, ఎంత మాట! రోజూ భజన చేసే నాకు తోచల్యా ఆ మాట.

ఇరవై రెండేండ్లాయ. శాంతిపురం కాడ మునిరత్నం క్వారీ ఉండె. రాళ్లు అడుగున తగలతాండాయని ఆయన జీపు, ఎనక చక్రాలే లాగేది, దాన్ని లేపించి, పాత లారీవి పెద్ద టైర్లేయించినాడు. ఇంగ బండి మిట్టెక్కితే ఒట్టు. పినియను కూడా అరిగిపోయింది. చిన్నప్ప ఆడికే పోయి విప్పి పెట్టుకోనుండాడు. నేను మదనపల్లెలో ఉండా, హార్మోనియం రిపేరుకిచ్చి. ఆ సాయంత్రం శాంతిపురంలోనే మా భజన. చిన్నప్ప ఫోను చేసి, "అన్నా, వస్తా వస్తా పాత సామాన్ల అంగట్లో క్రౌను పినియను సెట్టు ఒగటి పట్టుకోని రా. ఎనిమిది పల్లది. ఎంచి తీసుకో" అన్నాడు.

హార్మోనియం కాడ ఆలస్యమైపోయ. దాంట్లో ఒక మెట్టు కుయ్యోమంటాది, ఎంత సేసినా పోదు. వాడు విప్పడమూ బిగించడమూ... సరే, అది వదిలెయ్. అంగడికి పోతే బస్సు హారను కొడతాండాది. అంగడాయన "ఎనిమిదే సామీ, తీసుకుపో" అన్యాడు. మొత్తం గ్రీసు. గోనెపట్టలో చుట్టి సంకన పెట్టుకొని ఎక్కేసినా. శాంతిపురందాకా అది ఒక తొడమీద, హార్మోనియం ఒక తొడమీద.

క్వారీలో దిగేతలికి మబ్బు కమ్ముకొనుండాది. మునిరత్నం అరస్తాండాడు, "వానొస్తే దోవ బురదైపోతాదప్పా, బిరీన కానీ!" అని. చిన్నప్ప కిరసనాయిలు డబ్బా కోసం లేచినాడు. లేచి నన్నడిగినాడు, "ఎంచినావా అన్నా?" అని.

ఎంచినా అన్నాను. ఊరికే ఎంచినా అనింటే మళ్లీ ఎంచుకోనుండునేమో. "ఎనిమిది గోవిందలు చిన్నప్పా" అన్యాను. నవ్వినాడు. "నీ నోట సామి పేరొచ్చినాక నేను మళ్లీ ఎంచేదేందన్నా" అని గ్రీసు తుడిచి బిగించుకొన్యాడు.

బిగించినాక రాళ్లేసి సూద్దామన్యారు. ఇద్దరు కూలోళ్లు ఎక్కబోతే, "దిగండప్పా, మొదటి మాటు నేనొక్కణ్ణే" అన్నాడు. ఆ మాటొకటి ఆ ఇద్దరినీ బతికించింది. క్వారీ మిట్ట సగం ఎక్కినాడు. ఇంజను గుక్క పట్టిన బిడ్డ మాదిరి ఆగిపోయ. బండి ఎనక్కి రావడం మొదలుపెట్టింది. బ్రేకు తొక్కినాడు, ఎర్ర లైటు ఎలిగింది, నేను సూసినా. ఆ టైర్లకు ఆ బ్రేకు యాడ ఆనుతాది? గుంత అంచుదాకా ఎలిగే ఉండె, ఆ లైటు.

బండిని పైకి తీసినాక, ఎవురూ లేనప్పుడు పోయి ఎంచినా. మూడు మాట్లు. గోవిందా అని కాదప్పా, నోరు రాల్యా. ఒకటీ రెండూ అనే ఎంచినా. తొమ్మిది.

మునిరత్నం ఊరంతా చెప్పినాడు, "ఎంచకుండా బిగించినాడు, వాని సావు వాడే తెచ్చుకొన్యాడు" అని. అది విని చిన్నప్ప పెండ్లాం చెంగమ్మ మా అంగడికొచ్చింది. "ఆయప్ప ఎంచకుండా ఒక్క బండీ మూసింది లేదన్నా. నువ్వాడనే ఉంటివి కదా. ఎంచినాడా?" అనింది. నేనేమన్యానో తెల్సునా? "ఎంచల్యామ్మా" అన్యాను. నిజమే కదా? ఆయప్ప ఎంచల్యా కదా? ఆ మాటతోనే ఆయమ్మ ఇరవై రెండేండ్లు బతకతాండాది. పండగొస్తే మొగుని పటానికి దండేసి, "ఆ ఒక్క దినం ఎంచింటే ఏం పోయిండె నీకు" అని పటాన్నే తిడతాదంట.

నీ బండికి ఎవురు సెట్టు తెచ్చినా, ఎవురి నోట ఎంత మంచి మాటొచ్చినా, నువ్వు కడుక్కోని నువ్వే... ఏంది? ఆయమ్మకు యాల చెప్పల్యా అంట్యావా? చెప్పల్లనే అప్పా. ఏకాదశి ఏకాదశికీ అనుకొంటా. ఈ పొద్దు కూడా...

గమ్మునుండు, పూల గంపతో వస్తాండాది.

రామ్మా చెంగమ్మా. ఏందీ పొద్దు కనకాంబరాలు తేల్యా?