కుళాయికి కట్టిన దారం

ఏంట్రా అల్లుడూ ఆ చప్పుడు? కుళాయా? మరి గట్టిగా బిగించకపోయావా? బిగించినా కారుతోందా... అయితే వాషరు పోయిందిలే. మీ ఓనరుకి చెప్పలేదూ? ఓహో. అద్దె ఆపేశారు కాబట్టి చెప్పడానికి మొహం చెల్లట్లేదు! నవ్వక ఏం చెయ్యమంటావురా. నువ్వేదో నీ కథ చెప్తున్నాననుకుంటున్నావు, అది నా కథ. ఇల్లు అమ్మేస్తున్నాడని ఎవరో చెవిలో వెయ్యడం, కొత్తగా కొన్నవాడు మన అడ్వాన్సు ఇస్తాడో, నాకేం తెలుసంటాడో అని గుండెల్లో రాయి పడటం, వాటాలవాళ్ళంతా మెట్ల మీద గుమిగూడి, అడ్వాన్సు చెల్లిపోయేదాకా అద్దె ఇచ్చేది లేదని ఒకళ్ళ చేతిలో ఒకళ్ళు చెయ్యి వేసుకోవడం... నువ్వు పుట్టకముందే ఇవన్నీ చేసొచ్చిన ప్రాణం ఇది. కూచో చెప్తాను. టీ తర్వాత పెడుదువుగాని.

మా ఓనర్ని అందరం వాషర్ల తాత అనేవాళ్ళం. వెనకాలేలే, ఎదురుగా అనే ధైర్యం ఎవరికుంది! మీ అత్త మాత్రం బాబాయ్ గారూ అనేది. నీళ్ళ సరఫరా ఆఫీసులో ఫిట్టరుగా చేసి చేసి, రిటైరైనప్పుడొచ్చిన డబ్బుతో కింద గదులు కట్టాడు. మనిషి సన్నగా, పొడుగ్గా, ఆయనే ఓ పైపులా ఉండేవాడనుకో. చంకలో ఓ సంచి, సంచిలో రెంచీ, స్క్రూడ్రైవరు, మూత బిగుసుకుపోయిన ఓ రేకు డబ్బా. డబ్బా నిండా వాషర్లు. బజార్లో కొనేవి కావురోయ్, పాత చెప్పుల తోలు గుండ్రంగా కోసి తనే చేసుకునేవాడు. "రబ్బరుది మూణ్ణెల్ల ముచ్చట అబ్బాయ్, తోలుది నీళ్ళు తాగి ఉబ్బి కూచుంటుంది, పెళ్ళివారింట్లో పెద్దమనిషిలాగ" అనేవాడు. మా కుళాయిలో ఉన్నది నా చెప్పే. తెగిపోయిందని పారేస్తుంటే, ఆగాగు అని పట్టుకుపోయాడు. ఎన్ని నీళ్ళు తాగానో దానిమీంచి!

ఆయనకో పద్ధతుండేది. ఒకటో తారీకు పొద్దున్నే బయల్దేరేవాడు. అద్దె అన్న మాట నోట్లోంచి రావడం నేను వినలేదు. రెంచీతో తలుపు మీద టకటకా కొట్టి, "ఏమ్మా, ఏం కారుతోంది?" అనేవాడు. అంతే. మీ అత్త నోరు ఊరుకోదుగా, "మా ఆయన జీతమొక్కటే కారుతోంది బాబాయ్ గారూ, దానికేమన్నా వాషరుందా?" అనేది. "దానికి లేదు తల్లీ, ఉంటే ముందు మా ఇంట్లో వేసుకునేవాణ్ణి" అనేవాడు. నేనప్పుడు ఐసు ఫ్యాక్టరీలో, రాత్రి డ్యూటీ దిగి చేతులు కొయ్యబారిపోయి వచ్చేవాణ్ణి. వచ్చేసరికి ఆయన మా గుమ్మంలో గొంతుక్కూచుని ఏదో ఒకటి విప్పుతూ ఉండేవాడు. కిటికీ గడియ, తలుపు బందు, స్టవ్వు కాలు... ఇంటిదా మాదా అని చూసేవాడు కాదు. అందుకని వాటాలవాళ్ళందరం చిన్నచిన్న తిప్పలన్నీ నెలంతా కూడబెట్టుకుని ఉండేవాళ్ళం. ఆ చివరి గదిలో లెక్కల మేష్టారైతే ఏమీ పాడవకపోతే కావాలని గొళ్ళెం వదులు చేసి పెట్టేవాడు. ఆయనకి కబుర్లకి ఇంకెవరు దొరుకుతారూ, బళ్ళో పిల్లలా? పని అయ్యాక మీ అత్త టీ గ్లాసుతో పాటు అద్దె ఇచ్చేది. ఆయన లెక్కపెట్టకుండా ఆ వాషర్ల డబ్బాలో పడేసుకునేవాడు. ఆ నోట్లన్నీ తోలు వాసనొచ్చేవిట, వాళ్ళావిడ ఉన్నన్నాళ్ళూ తిట్టిపోసేదిట.

ఎక్కడున్నాను? ఆఁ, అడ్వాన్సు. ఆ అడ్వాన్సు ఎలా కట్టామనుకున్నావు? మీ అత్త కుట్టుమిషను అమ్మి. పుట్టింటినించి తెచ్చుకున్నది కాదు, పెళ్ళికి ముందే ఓ బట్టల కొట్టుకి గౌన్లు కుట్టి కుట్టి తన చేత్తో కొనుక్కున్నది. అమ్మిన రోజు ఏడవలేదు. "ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సు తిరిగొస్తుందిగా, దాంతో మళ్ళీ కొనుక్కుంటాను, దాచుకున్నట్టే" అంది. మిషను నిలబెట్టాల్సిన కిటికీ పక్క చోటు అలాగే ఖాళీగా వదిలేసింది చూడూ! నేనో కుర్చీ వేస్తే తీయించేసింది. అంటే, మాకు అది డబ్బు కాదురా. ఆవిడ మిషను ఆ తాత దగ్గరుంది, అంతే మా లెక్క.

మరి ఒకరోజు ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని వరండా కొలుస్తున్నారు. ఎవరయ్యా మీరంటే, అమ్మకానికొచ్చిందిటగా అన్నారు. తాత తమ్ముడొకడు ఉన్నాడులే, స్థలం ఉమ్మడిదీ నా వాటా నాక్కావాలీ అని గొడవ. పంచుకోవాలంటే అమ్మక తప్పదు. మేష్టారు ఆరోజే మమ్మల్నందర్నీ తీసుకెళ్ళి ఆయన ముందు నిలబెట్టాడు. "మా అడ్వాన్సులు ఏవీ?" తాత దాచలేదు, దాచే మనిషైతే బావుండేది. తల పైకెత్తి చూపించాడు. "ఎక్కడికీ పోలేదు నాయనా, పైన శ్లాబులో ఉన్నాయి. పై గదులు వేటితో వేశాననుకున్నారు? అమ్మగానే నా వాటాలోంచి అందరికీ ఇచ్చేస్తాను." మేష్టారు ఊరుకుంటాడా! "మరైతే మా ముక్క కోసి ఇచ్చెయ్యండి, నెత్తిన పెట్టుకుపోతాం!" అందరం ఘొల్లుమన్నాం. తాత కూడా నవ్వాడు పాపం. మీ అత్త నవ్వలేదు. ఇంటికొచ్చాక కిటికీ పక్కకెళ్ళి, గోడకేసి చూస్తూ నిలబడి, "ఆ తమ్ముడు ఆయన చేతికి చిల్లిగవ్వ రానిస్తాడంటావా?" అంది. రానివ్వడని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

సరే, మెట్ల మీద మీటింగు, ఒట్లు, అన్నీ అయిపోయాయి. అద్దె బంద్. ఒకటో తారీకొచ్చింది. ఆరోజు పొద్దున్నుంచీ మా కుళాయి కారుతోందిరా అల్లుడూ. నా చెప్పు ముక్క అరిగిపోయింది కాబోలు. టప్పు, టప్పు, టప్పు. బయట మెట్ల మీద ఆయన అడుగుల చప్పుడు. మీ అత్త కుళాయి తిప్పి తిప్పి బిగిస్తోంది, అది ఆగదు. టకటకా కొట్టాడు. "ఏమ్మా, ఏం కారుతోంది?" మీ అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఏమీ కారట్లేదు బాబాయ్ గారూ" అంది. వెనకాల టప్పు. ఆయన విన్నాడు. ఫిట్టరు కదూ, నిద్రలో కూడా వింటాడు. "బాబాయ్ గారూ, అద్దె... అడ్వాన్సులో..." అని ఆగిపోయింది. టప్పు. "ఆఁ ఆఁ, అలాగే అమ్మా, కోసుకోండి, కోసుకోండి, దానిదేముంది" అంటూ చేతిలో రెంచీని సంచిలో పెట్టుకోబోతే సంచి నోరు దొరకలేదాయనకి. రెండుసార్లు తడుముకున్నాడు. వెళ్ళిపోయాడు. కోపమా? ఛ, కోపగించుకుంటే పీడా పోయేది, నేనూ నాలుగనేవాణ్ణి. అదేం లేదు.

పై నెల నుంచి రావడం మానేశాడు. వస్తే అద్దె కోసం వచ్చాడనుకుంటామని ఆయన బెంగ. పిలిస్తే, అద్దె ఇవ్వకుండా పని చేయించుకుంటున్నారనుకుంటాడని మా సిగ్గు. అలా బిగుసుకుపోయి కూచున్నాం ఇరుపక్షాలూ. ఇక చూడూ, ఇల్లంతా కారడం మొదలెట్టింది! మా కుళాయి, మేష్టారి కుళాయి, మెట్ల కింద పంపు... ఒక్కోటి ఒక్కో శ్రుతి. బయటినుంచి మనిషిని తెచ్చుకోవచ్చుగా అంటావా? తెచ్చుకోవచ్చు. ఎవరూ తెచ్చుకోలేదు. ఎందుకో నన్నడక్కు. తాతగారి డబ్బాలో వాషర్లుండగా ఇంకోడి చెయ్యి పెట్టనివ్వడం... ఏమో, అది మరీ అన్యాయమనిపించింది కాబోలు. మీ అత్త ఏం చేసిందంటే, కుళాయి మూతికి ఓ దారం కట్టి కొస బకెట్లోకి వదిలింది. చుక్క దారం పట్టుకుని జారిపోతుంది, చప్పుడుండదు. మేష్టారొచ్చి చూసి, ఆహా ఓహో అని తనూ కట్టుకున్నాడు. నాలుగు రోజుల్లో ఇల్లంతా దారాలే. ఇల్లు ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, ఒకటో తారీకు పొద్దున మేష్టారు దగ్గితే అందరం తలుపులు తీశాం, తాతే వచ్చాడేమోనని.

నువ్వు నన్ను అలా చూడకు, తప్పు చేశామని ఏడవబోవట్లేదు నేను. ఇవాళైనా అలాగే చేస్తాం. ఆ తమ్ముడు చివరికి ఆయన్ని నిలువునా ముంచాడు, అమ్మినదాంట్లో ఆయనకి మిగిలింది గుప్పెడు. నమ్మి అద్దె ఇస్తూ కూచుని ఉంటే మిషను గోవిందా. అద్దె కట్టని ఆ నెలల డబ్బు మీ అత్త పోగేసింది, మిషను కొంది, కిటికీ పక్క పెట్టింది. మొదటిరోజు తొక్కుతుంటే ఆ చప్పుడికి పక్కవాళ్ళంతా వచ్చారు. మేం గెలిచాంరా. గెలిచి, ఆ గెలిచింది ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు, అంతే.

రేపు కొత్తవాడికి తాళాలిస్తారనగా, సామాన్లు కట్టుకుంటున్నాం. టకటకా! మీ అత్త చేతిలో మూట వదిలేసి లేచింది. గుమ్మంలో తాత, సంచి, డబ్బా, అన్నీ. చిక్కిపోయాడు. "కారే ఇల్లు ఒకళ్ళకి అప్పజెప్పకూడదమ్మా, పేరుపోతుంది" అన్నాడు. ఏం కారుతోందని అడగలేదీసారి. తిన్నగా కుళాయి దగ్గరికెళ్ళి, దారం చూసి, వేలితో అలా మీటాడు. "నీ తెలివేనా?" అన్నాడు. మీ అత్త తలూపింది. ముడి విప్పాడు. తెంపలేదు, విప్పాడు, తడి ముడి విప్పడం ఎంత కష్టం చెప్పు. వాషరు మార్చాడు, తిప్పాడు, చెవి పెట్టి విన్నాడు. ఆ తడి దారాన్ని పిండి, వేలికి చుట్టి ఉండ చేసి మీ అత్త అరచేతిలో పెట్టాడు. "మిషను వచ్చిందిటగా తల్లీ. దారం దండగ చెయ్యకు" అన్నాడు. మీ అత్త ఒక్క గ్లాసు టీ తాగండి బాబాయ్ గారూ అని బతిమాలింది. టీ సామాన్లన్నీ మూట కట్టేసి ఉన్నాయిరా! ఆయన ఆ మూట చూసి నవ్వాడు. "మీరు ఎక్కడ దిగితే అక్కడికొచ్చి తాగుతాలే. ఒకటో తారీకు వస్తాను, అప్పుడైతే గుర్తుంటుంది" అన్నాడు.

రాలేదు. ఎక్కడున్నాడో తెలిసేసరికి లేడు. ఆ తర్వాత ఎన్ని ఇళ్ళు మారాం! ఒకడు గేటు దగ్గర తీసుకునేవాడు అద్దె, ఒకడు కిటికీలోంచి చెయ్యి పెట్టేవాడు, ఇప్పుడు మీరైతే ఫోన్లో నొక్కుతారు. మీ అత్తేమో ఒకటో తారీకున పొద్దున్నే గుమ్మం ముందు చెప్పులు పక్కకి జరిపేది. ఎవరొస్తారే అంటే, ఎవరూ రారు, అడ్డంగా ఉన్నాయీ అనేది. పోయే ముందు నెల కూడా జరిపింది.

మీరు అద్దె ఆపండి, నేను వద్దనను. మీ డబ్బు మీది. ఏంటి వెతుకుతున్నావ్? దారమా? చెప్పగానే కట్టేద్దామనే! వద్దులేరా. కూచో ఇలా.

కారనీ కాసేపు.