అల్మరా తలుపు

మళ్ళీ మొదటినుంచీ చెప్పమంటారేంటి మేడమ్? ఇది ఆరో వారం. వారం వారం పని మానుకుని వచ్చి, ఈ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అదే పాట పాడుతున్నాను. కోర్టు కౌన్సెలింగుకి వెళ్ళమంది, వచ్చాను. రేపు మీరిచ్చే రిపోర్టు బాగుంటే జడ్జిగారు నన్ను ఇంటికి వెళ్ళనిస్తారు. లేదంటే మా అక్క ఇంట్లో, బావ ముఖం చూస్తూ ఇంకెన్నాళ్ళు పడుండాలి చెప్పండి?

సరే, వినండి. వంటింట్లో మాటా మాటా పెరిగింది. మా ఆవిడ విసురుగా ఇటు తిరిగింది. పై అల్మరా తలుపు తెరిచి ఉంది. దాని అంచు నుదుటికి తగిలింది. నాలుగు కుట్లు పడ్డాయి. పోలీసులకీ ఇదే చెప్పాను, వకీలుకీ ఇదే చెప్పాను.

ఏంటి? ఆ తలుపు దానంతట అది తెరుచుకునే రకమా అనా?

భలేవారే. ఆ అల్మరా చేసింది ఎవరనుకున్నారు? ఇరవై రెండేళ్ళుగా వడ్రంగం చేస్తున్నాను. నేను బిగించిన తలుపు ఒక్కటి వేలాడిందని చూపించండి, ఈ పనే మానేస్తాను. దానికి స్ప్రింగు కీలు వేశాను. తెరిచి వదిలితే చాలు, మెత్తగా వెళ్ళి మూసుకుంటుంది. ఉండమన్నా తెరుచుకుని ఉండదు. మా ఆవిడ పొడగరి, వంట చేస్తూ వంగి లేస్తే తలకి తగులుతుందేమోనని ఏరికోరి తెచ్చి...

రాయడం ఆపారేం మేడమ్?

అలా చూడకండి. తలుపు గురించి అడిగారు, చెప్పాను. నా పనిని ఎవరైనా అనుమానిస్తే నా నోరు ఊరుకోదు. ఆవిడ గురించి ఆరు వారాలు అబద్ధమాడాను. తలుపు గురించి ఒక్క నిమిషం ఆడలేకపోయాను. సిగ్గుగా ఉంది.

మూసే ఉంది. ఆవిడ జుట్టు పట్టుకుని నేనే కొట్టాను, ఆ తలుపుకేసి. మా పాప గుమ్మంలో నిలబడి ఉంది. అరవలేదు, ఏడవలేదు. రెండు చేతులతో చెవులు మూసుకుంది, అంతే.

కాదు. ఇదే మొదటిసారి కాదు.

నీళ్ళు వద్దండీ. ముందు ఇది రాసుకోండి.

ఇంకెప్పుడూ చెయ్యెత్తనని మాట ఇమ్మంటారా? ఇప్పుడే ఇచ్చేస్తాను, నాకదెంతసేపు? ఆవిడకి ఎన్నిసార్లు ఇచ్చానో. ఇచ్చిన ప్రతిసారీ మనసారానే ఇచ్చాను మేడమ్. అదే నా భయం.

రేపు నన్ను ఇంటికి పంపొద్దని రాయండి.