దూలం కింది బల్ల

బడి భవనం ఎంత గట్టిగా ఉందో వారం రోజులుగా పరీక్షిస్తున్న ఇంజనీరమ్మ నిచ్చెన దిగింది. ముప్పయ్యేళ్ల కిందట ఆ కప్పు పోసిన ముసలి మేస్త్రీ ఆమె కోసం గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

“ఉన్నదున్నట్టు చెప్పమ్మా. కూలగొట్టాలా?”

“అక్కర్లేదు పెద్దాయనా. పగులు పైపూతలోనే ఉంది. దూలానికేం కాలేదు.”

“లోపల ఇనుము?”

“తొలిచి చూశాం. తుప్పు లేదు. ఎందుకింత కంగారు?”

“ఈ దూలం పోస్తుంటే వాన ముంచుకొచ్చిందమ్మా. ఆపొద్దని కాంట్రాక్టరు కేకలేశాడు. నేను వినకుండా ఆపేసి పరదాలు కప్పించాను. మిగతాది మర్నాడు పోశాం. ఇన్నేళ్లకి సరిగ్గా ఆ రెండూ కలిసిన అతుకు దగ్గరే పగులు కనపడేసరికి నా ప్రాణం పోయినంత పనైంది.”

“ముందు అక్కడే చూశాను. అతుకు బాగా కలిసిపోయింది. ఆ వానలో పోసేసుంటే ఇవాళ వేరే మాట చెప్పేదాన్ని. పైన నీళ్ల గొట్టం కారి పూత పాడైంది. గొట్టం మార్పించి, పూత మళ్లీ వేయిస్తే చాలు.”

“మరి పిల్లలు?”

“గొట్టం మార్చగానే లోపలే కూర్చోవచ్చు.”

“మా మనవరాలి బల్ల ఈ దూలం కిందే. నెల్లాళ్లుగా అందరూ షెడ్డులో చదువుతున్నారు. ‘నువ్వు కట్టిందేగా తాతా, భయమెందుకు?’ అని రోజూ అడుగుతుంది.”

“ఏం చెప్పారు?”

“మాట దాటేశాను.”

“ఇవాళ చెప్పండి మరి.”

“చెబుతానమ్మా. ముందు కాసేపు ఈ మెట్టు మీద కూర్చోనీ. నవ్వూ ఏడుపూ ఒక్కసారే వస్తున్నాయి.”