లేని గడ్డకు మొక్కిన మొక్కు

చాలత్తా, ఇంగ చాలు. ఈ బస్ షెల్టర్లో కూర్చో. కాలు ఇట్ల నా ఒళ్ళో పెట్టు. యమ్మా, అరికాలంతా పొక్కిపోయింది గదా! నిన్న ఎమ్మిగనూర్లో బయలుదేరేటప్పుడే చెప్పినాను, ఆటోలో పోదామని. విన్నావా? రాత్రి పెద్దకడుబూరు బడి వసారాలో పండుకున్నప్పుడూ చెప్పినాను. "ఉరుకుంద ఈరన్నకు మొక్కుకునింది ఒట్టి కాళ్ళతో నడిచొస్తానని, ఆటోలో దొర్లుకుంటా వస్తానని కాదు" అంటివి.

డెబ్బై ఏండ్ల మనిషి కుంటుకుంటా ముందు పోతాంటే, నలభై ఆరేండ్ల కోడలు చెప్పులేసుకోని, గొడుగు పట్టుకోని ఎనక. పత్తిచేన్లలో కలుపు తీసే ఆడోళ్ళంతా నన్ను ఎట్ల చూసినారో నువ్వు చూడలేదు. నేను చూసినాను. చూసి గొడుగు అడ్డం పెట్టుకున్నాను.

వద్దు. "నువ్వు ఆపరేషనైన మనిషివి" అని మాత్రం మళ్ళ అనొద్దు. ఆ మాట వింటే నాకు భూమిలోకి దూరుకోవాలనిపిస్తాది.

మనతో నడిచొస్తాండే కాశప్ప వాళ్ళంతా ముందుకు పోయినార్లే. ఈడ ఎవరూ లేరు. నీళ్ళు తాగు. తాగి, నేను చెప్పేది విను. మధ్యలో లేచి పోవద్దు. నాకు నోరు లేదని నీకు తెలుసు గదా, ఇరవై ఆరేండ్లలో నీ ముందర నేను గట్టిగా పది మాటలు మాట్లాడిందే లేదు. ఇప్పుడు ఆగినానంటే ఈ జన్మలో మళ్ళ చెప్పలేను.

నాకు గడ్డ లేదత్తా.

అయ్యో, తీసేసినారు కాబట్టి లేదని కాదు. ముందునుంచీ లేదు. ఎప్పుడూ లేదు. కర్నూలు ఆస్పత్రిలో నా కడుపులోనుంచి తీసింది గడ్డ కాదు, కొవ్వు. ఆ, కొవ్వే. పొట్టేలుకు ఉంటాదే, అదే. ఆ ఆపరేషన్ను లైపోసక్షన్ అంటారు. ఆ పేరు నోరు తిరిగేదానికే నాకు వారం పట్టింది.

అట్ల చూడొద్దు. చెప్తాండాను గదా.

మా చెల్లెలి బిడ్డ శ్వేత సీమంతానికి ఆదోనికి పోయినాము, గుర్తుందా? నువ్వు మోకాళ్ళ నొప్పులని రాలేదు. ఆలూరునుంచి ఒక పెద్దామె వచ్చింది. పాపం, కండ్లు సరిగ్గా ఆనవు. శ్వేత పక్కన చాపమీద నేను కూర్చోనుంటిని. ఆమె నేరుగా నాకాడికొచ్చి, చేతులు తడిమి, పచ్చగాజులు నాకు తొడిగింది! బుగ్గలకు గంధం పూసింది. ఒళ్ళో బియ్యం, ఎండుకొబ్బరి పోసి, "పండంటి కొడుకును కనమ్మా" అని దీవించింది. శ్వేత కడుపు ఇంత, నాది అంత. ఆమె తప్పేముంది? ఎక్కువ కనపడిన కడుపును పట్టుకునింది.

అందరూ నగినారు. నేనూ నగినాను. నగి, బాత్రూములోకి పోయి గాజులు తీస్తాంటే రాలేదు. సబ్బు పెట్టినా రాలేదు. చేతులకూ కొవ్వే గదా!

ఆ పొద్దునుంచి ఫోన్లో పొట్ట తగ్గించే వీడియోలే చూసేదాన్ని. ఒకామె పీపా మాదిరి ఉంటాది, చిటికె వేస్తానే మునక్కాయ మాదిరి అవుతాది. మధ్యలో ఏమి జరుగుతాదో ఆ వీడియోల్లో చూపియ్యరు. ఆ మధ్యలోదంతా నాకు జరిగింది.

కర్నూలు డాక్టరమ్మ నిజమే చెప్పింది, ఆమెను అనకూడదు. "అమ్మా, ఇది బరువు తగ్గే ఆపరేషన్ కాదు. ఆకారం సరిచేసేది. పొట్ట కొంత తగ్గుతుంది. సాగిన చర్మం మాత్రం బిగుసుకోదు. తర్వాత తిండి అదుపులో పెట్టుకోకపోతే కొవ్వు ఇంకో చోట చేరుతుంది" అనింది. నేను అన్నిటికీ "సరే మేడం, సరే మేడం" అన్నాను. అందులో నా చెవిలోకి పోయింది ఒక్కటే. పొట్ట తగ్గుతుంది.

నీ కొడుక్కు తెలుసు. సంతకం పెట్టింది ఆయనే. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాను. ఏమని చెప్పాల నీకు? కొవ్వు తీయించుకునేదానికి పోతాండానంటే, "ఇంగో రెండు గంటలు మగ్గం గుంతలో కూర్చో, అదే కరుగుతాది" అంటావు. అందుకే గడ్డ అన్నాను. నోటికొచ్చింది, అనేసినాను. నీ చెల్లెలు గడ్డతోనే పోయిందని అప్పుడు నాకు గుర్తే రాలేదత్తా. నీ మొగం చూసినాక గుర్తొచ్చింది. అప్పటికే మాట బయటపడింది.

లోపల ఏమి చేసినారో నాకు తెలియదు, మత్తులో ఉంటిని. తర్వాత డాక్టరమ్మే చెప్పింది. ముందు ఉప్పునీళ్ళ మాదిరి మందు కడుపులోకి ఎక్కిస్తారంట. చిన్నచిన్న బొక్కలు పెట్టి, సన్న గొట్టం దూర్చి, ముందుకూ ఎనక్కూ ఆడిస్తా కొవ్వు లాగుతారంట. మనం మగ్గంలో పోగుల మధ్య నాడె ఆడించినట్లే. అన్నేండ్లు నేను నేసినాను, ఆ పొద్దు నన్ను నేసినారు.

మరుసటి దినమే లేచి నడవమన్నారు, కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా. జరమొచ్చినా, ఆయాసమొచ్చినా, పిక్క వాచినా వెంటనే రమ్మన్నారు. నువ్వేమో "ఇంత పెద్ద ఆపరేషనైన బిడ్డను నడిపిస్తారా, వాళ్ళకు తల్లులు లేరా" అని తిట్టుకుంటానే నా రెక్క పట్టుకోని మన ఇంటి వసారాలో ఆ చివర్నుంచి ఈ చివరికి నడిపించినావు.

రెండు దినాలు ఆ బొక్కల్లోనుంచి ఎర్రనీళ్ళు కారినాయి గదా. అది ఎక్కించిన మందేనత్తా. కారిపోతేనే మంచిదంట. పరుపంతా తడిసిపాయ. నువ్వు అది గడ్డలోని చీము అనుకోని, మొగమన్నా చిట్లించకుండా దుప్పట్లు పిండి ఉతికినావు. నేను గోడతట్టు తిరుక్కోని నిద్రపోయినట్ల పండుకుంటిని.

కడుపు నల్లవంకాయ మాదిరి అయింది. వారానికి ఆకుపచ్చ, ఇంగో వారానికి పసుపు. నువ్వు "విషం దిగుతాంది" అని దిష్టి తీసినావు. అది రక్తం కమిలిన రంగు, అందరికీ అట్లే అవుతాది. ఆ బెల్టు చూసినావే, రొమ్ముల కిందనుంచి తొడల దాకా? గడ్డ మళ్ళ రాకుండా అని చెప్పినాను నీకు. వాపు దిగేదానికి అది. ఆరు వారాలు, రాత్రీ పగలూ. మన ఊరి ఏప్రిల్ ఎండలో! చెమటకు దురద లేస్తాంటే దువ్వెన తోక బెల్టులోకి దూర్చి గోక్కుంటాంటి. నువ్వొస్తే దువ్వెన దిండు కిందికి.

వారానికి చూపించుకునేదానికి పోయినాను గదా. ఆస్పత్రిలో బరువు మిషనెక్కితే, ముందుకంటే ఒకటిన్నర కేజీ ఎక్కువ! నీరు పట్టిందంట. వాపంతా దిగి ఆకారం తెలిసేదానికి మూడు నెలలు, కొందరికి ఆరు నెలలు పడుతుందంట. కొవ్వు తీయించుకోని బరువు పెరిగిన ఆడది ఈ తాలూకాలో నేనొక్కదాన్నే ఉంటాను. డాక్టరమ్మ ముందర నగు వచ్చింది. నగితే కుట్లు గుంజినాయి. గుంజితే ఏడుపొచ్చింది. ఆమె నా బుర్రకు కూడా మందు రాస్తుందేమో అనుకున్నాను.

ఇవన్నీ సరే. ఆ కాపడం మాటే నన్ను తింటాంది.

నువ్వు తవుడు వేయించి, గుడ్డలో మూటకట్టి, నొప్పి గుంజుకుంటాదని నా కడుపుమీద పెట్టినావే. ఆస్పత్రోళ్ళు ఇచ్చిన కాగితంలో రాసుండాది, వేడి కాపడం పెట్టరాదు అని. నాది అయిదో తరగతి చదువు, కూడబలుక్కోని చదివినాను. చదివి, ఆ కాగితాన్ని నూలు గంప అడుగున దాచినాను. నీకేమో చదువే రాదు. చదువు రాని మనిషికి కనపడకుండా కాగితం దాచిన తెలివి నాది!

కడుపంతా మొద్దుబారి ఉండె. గిల్లినా తెలియదు. ఆపరేషనైనాక కొన్ని నెలలు అట్లే ఉంటాదంట. నువ్వు "సుర్రుమంటే చెప్పు" అన్నావు. సుర్రుమంటే గదా చెప్పేది! మూట తీసినాక చూస్తే బొబ్బలు. నువ్వు నీ చేతులు నేలకేసి కొట్టుకోని ఏడ్చినావు. ఆ సాయంత్రమే మొక్కుకున్నావు. "నా చేతులతో నేనే కాల్చుకుంటిని. శ్రావణం రానీ, నా కాళ్ళతో నడిచొస్తాను. నా కోడల్ని బతికించు ఈరన్నా" అని. నేను పక్క గదిలోనే ఉండాను. అంతా విన్నాను.

అప్పుడన్నా చెప్పాల్సింది. ఎందుకు చెప్పలేదంటావా?

సిగ్గు అని చెప్పొచ్చు. నా సిగ్గు ఊరంతా తెలిసిందే, దానిమీదికి తోసేస్తే సరిపోతాది. కానీ అది కాదత్తా.

నువ్వు నా తల దువ్వినావు.

నన్ను కూర్చోబెట్టి, ఎనక కూర్చోని, చిక్కు తీసి, నూనె పెట్టి జడేసినావు. దినామూ. మా అమ్మ పోయినాక నా తలలో వేరేవాళ్ళ చెయ్యి పడింది అదే మొదలు. "నాగవేణీ" అని పిల్చినావు. అంతకుముందు నాకు పేరుందని నీకు గుర్తుందో లేదో నాకు తెలియదు. "యాడుండావే" అనేదానివి అంతే.

నొప్పి మూడు వారాలకే పోయిందత్తా. మెల్లగా పని చేసుకోమని డాక్టరమ్మ కూడా చెప్పింది. ఆ తర్వాత రెండు నెలలు మూలిగిందంతా ఊరికే. మూలిగితే నువ్వొచ్చి పక్కన కూర్చుంటావని. నా బదులు ఆ మోకాళ్ళతో నువ్వు గుంతలో దిగి నేస్తాంటే, నేను మంచంమీద పండుకోని నాడె చప్పుడు వింటాంటి. అది ఆగినప్పుడంతా, నువ్వొస్తాండావేమో అని కండ్లు మూసుకునేదాన్ని.

నువ్వు చేసిన నెయ్యి లడ్లు దినానికి రెండు తినమంటివి. నేను మూడు తినేదాన్ని. డాక్టరమ్మ చెప్పింది అక్షరాలా జరిగింది. ముందరిది పోయి ఎనకకు చేరింది. ఆలూరు పెద్దామె మళ్ళ వస్తే ఈ సారి ఎనకనుంచి దీవిస్తాది.

అంతే. చెప్పేసినాను. ఇంగ ఆటో ఆపుతాను, ఇంటికి పోదాం. లేని గడ్డకు మొక్కేంది?

తిట్టు. కొట్టినా పడతాను. అట్ల ఊరికే నా కాళ్ళతట్టు చూడొద్దు.

యాడికి లేస్తాండావు? ఎమ్మిగనూరు ఈ పక్క. నువ్వు తిరిగింది ఉరుకుంద పక్క. ఏందీ? స్వామికి మాటిచ్చింది నిజమే గదా అంటావా? గడ్డ అబద్ధమైతే మొక్కు అబద్ధమైతాదా అంటావా? సరే, పోదాం. అట్లయితే నా చెప్పులన్నా...

ఆ? ఇడ్సమంటావా? ఇడుస్తాను. ఇదో.

అయ్యో, నువ్వే ఏసుకుంటాండావు! సరిగ్గా సరిపోయినాయే నీకు. మరి నేను? ఒట్టి కాళ్ళతోనా? ఇంగమీదికి మొక్కు నాదా? గుడి దాకా నాదేనా? గొడుగు... గొడుగూ నీకేనా!

సరే. పద.

యమ్మా! తారు అప్పుడే కాగిపోయింది. అంత బిన్నా నడుస్తావేమత్తా, ఇంతసేపూ కుంటితివి గదా! కొంచెం మెల్లగా పో. నాకు మొద్దుబారింది కడుపే, కాళ్ళు కాదు.